ఒక్కడి పార్టీకి రెండు నిమిషాలు

"రెండే నిమిషాలు. మొదలుపెట్టండి," అన్నారు స్పీకర్.

అర్జీల బాబాయి కంగారుగా లేచి నిలబడ్డాడు. సభలో ఆయన పార్టీకి ఆయనొక్కడే సభ్యుడు. అద్దం ముందు నిలబడితే చాలు, పార్టీ సమావేశం అయిపోయినట్టేనని తోటి సభ్యులు ఆటపట్టిస్తారు. అలాంటివాడికి ఆర్నెల్లకోసారి మాట్లాడే వంతు వస్తే అదే గొప్ప. ఏటి మీద వంతెన అడగాలంటే ఈ రెండు నిమిషాల్లోనే అడగాలి. ఓట్లేసి పంపిన ఊళ్లన్నీ ఈపాటికి టీవీల ముందు కూర్చుని ఉంటాయి.

జేబులోంచి కాగితం తీసి గబగబా అందుకున్నాడు.

"మా ఏటి మీద వంతెన మంజూరు చేసిన మంత్రిగారికి వెయ్యి దండాలు. మా పిల్లలు ఇక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పడవెక్కి బడికి వెళ్లక్కర్లేదు..."

చదువుతుండగానే ఆయనకు పొరపాటు తెలిసొచ్చింది. ఊళ్లో అర్జీలు రాసి బతికిన మనిషి. పని చేసిపెట్టమని అడిగే కాగితం, అయ్యాక ఇచ్చే కృతజ్ఞతల కాగితం రెండూ ఒకేసారి రాసిచ్చేవాడు, పాపం జనం మళ్లీ తన చుట్టూ తిరగకూడదని. సొంత పనికీ అలాగే రాసుకున్నాడు. తీరా చేతికొచ్చింది రెండోది! అసలుది ఏ జేబులో ఉందోనని తడుముకుంటుండగానే గంట మోగింది.

"సమయం అయిపోయింది. కూర్చోండి."

సభంతా బల్లలు చరిచింది. మంత్రి లేచి నిండుగా నవ్వుతూ చేతులు జోడించాడు. బాబాయికి భూమిలోకి కుంగిపోయినట్టయింది.

మధ్యాహ్నం వరండాలో మంత్రే ఎదురొచ్చాడు.

"బాబాయిగారూ, భలే మాట్లాడారండీ!"

తల ఊపి తప్పుకుంటే సరిపోయేది. బాబాయికి మనసొప్పలేదు.

"అయ్యా, తమరు వంతెన ఇవ్వలేదు. ఇమ్మని అడుగుదామనే లేచాను. కంగారులో ఒక కాగితానికి బదులు ఇంకోటి చదివేశాను. మన్నించండి."

"తెలుసండీ. మీ ఊళ్ల నుంచి వచ్చిన వంతెన ఫైలు పొద్దున్నే తిప్పి పంపించేశాను."

"మరి సభలో దండం పెట్టారేం?"

"నలుగురిలో పొగుడుతుంటే కాదనగలమా? కుదరదని రేపు ఉత్తరం రాయొచ్చులే అనుకున్నాను."

బాబాయి ముఖం వాడిపోయింది. "అయితే రేపు ఉత్తరం వస్తుందన్నమాట."

"లేదు. ఫైలు వెనక్కి తెప్పించి ఇప్పుడే సంతకం పెట్టి వస్తున్నాను. వానలు వెళ్లగానే పని మొదలవుతుంది."

బాబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మంత్రి చేతులు రెండూ పట్టుకున్నాడు. "మీ మేలు ఏడు జన్మలెత్తినా మరిచిపోలేమండీ!"

మంత్రి ఆ చేతులు వదల్లేదు.

"మేలు చేసింది మీరండీ. రాజకీయాల్లోకి దిగానని పదకొండేళ్లుగా నాతో మాట మానేసిన మా అమ్మ, ఇందాక టీవీలో మీరు నన్ను మెచ్చుకోవడం చూసి ఫోన్ చేసింది. 'భోంచేశావా నాన్నా' అని అడిగింది."