నూట ముప్పై ఒకటి

"మళ్ళీ చెయ్యి," అంది టేపమ్మ కుర్చీలోంచి కదలకుండా.

కొత్తమ్మాయికి చెవులు వేడెక్కాయి. ఇది మూడోసారి. తలను టేపుతో కొలవనిదే ఎవరినీ ఎలక్ట్రోడు అంటించనివ్వదు కాబట్టి ఆ సీనియర్ టెక్నీషియన్‌కి ల్యాబంతా ఆ పేరు పెట్టింది. ఇవాళ పరీక్ష పెట్టడానికి టేపమ్మ తన తలే ఇచ్చి కూర్చుంది. నెగ్గితే సోమవారం నుంచి కొత్తమ్మాయి ఒక్కతే పేషెంట్లను చూడొచ్చు. లేదంటే ఇంకో ఆరు నెలలు వైర్లు తుడుచుకుంటూ కూర్చోవాలి.

ఇక్కడికి వచ్చేది మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ళు. నరాల మీది పూత దెబ్బతిని, కంటి ముందున్నది మెదడుకు చేరడం ఆలస్యమయ్యే జబ్బు. ఆ ఆలస్యాన్ని ఏటా మిల్లీసెకన్లలో కొలిచి పాత అంకె పక్కన రాయాలి. జబ్బు ఎటు నడుస్తోందో డాక్టరు ఆ వరుస చూసే అంచనా వేస్తాడు.

టేపమ్మ ఎదుటి తెర మీద నలుపు తెలుపు గళ్ళు తారుమారవుతూ వచ్చి ఆగాయి. ఒక కంటికి పట్టీ వేసి రెండో కన్ను కొలవాలి. కుడి కన్ను నూట రెండు. వంక పెట్టడానికి లేదు. ఎడమ కన్ను మాత్రం మూడుసార్లూ నూట ముప్పై ఒకటే. మామూలు కంటికి నూటికి కాస్త అటూఇటూగా రావాలి.

ఎక్కడ పొరపాటు జరిగింది? ఎలక్ట్రోడు తీసి మళ్ళీ అంటించింది. కుర్చీ దూరం కొలిచింది. కళ్ళజోడు తుడిచి ఇచ్చింది. తెర మధ్యలోని ఎర్ర చుక్క మీంచి చూపు తిప్పలేదు కదా అని నసుగుతూ అడిగింది.

"చూపు నిలపడం నాకు నేర్పుతున్నావా అమ్మాయ్?" నవ్వింది టేపమ్మ.

నాలుగోసారీ అదే అంకె. నూట నాలుగని రాసేస్తే అడిగేవాళ్ళెవరు? పెన్ను అటే లాగింది. కానీ సోమవారం ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళకి టెక్నీషియన్ రాసిన అంకే దిక్కు. పళ్ళు బిగించి, వచ్చిందే ఒత్తి రాసింది.

"ఎక్కడో తప్పు చేశానక్కా. ఎక్కడో తెలీలేదు. కానీ వచ్చిందే రాశాను. ఆరు నెలలాగి మళ్ళీ పరీక్షకి కూర్చుంటా."

టేపమ్మ కంటి మీది పట్టీ తీసి, కాగితం దగ్గరగా పట్టుకుని చదివింది. సంతకం పెట్టి, సోమవారం పొద్దున్నే వచ్చి గది తాళాలు తీసుకోమంది.

"మరి ఆ అంకె?"

టేపమ్మ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి తన సంచిలో పెట్టుకుంది.

"పోయిన ఏడాది నూట ఇరవై ఆరు."