కిటికీలోకి పోయిన బంతి

నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని. కథ మీద చిటికెడు ఉప్పు కూడా చల్లను. కావాలంటే మా క్రెయిగ్‌నెస్ రేవులో చేపలమ్మే ఆడవాళ్లను అడగండి.

“కిన్నియర్! మెట్టు దిగు!”

మేజర్ ఓగిల్వీ అరుపుకు డూగల్ కిన్నియర్ ఒక కాలు పైనా, ఒక కాలు కిందా పెట్టి ఆగిపోయాడు.

తోలు సంచిలో ఉడకబెట్టిన బాతు ఈకలు కుక్కి గోల్ఫ్ బంతులు చేసేవాడు డూగల్. దొరలకు ఆట నేర్పేవాడూ అతడే. స్కాట్లండులో ఆడి బతికేవాళ్లందరినీ వరసగా రెండేళ్లు ఓడించాడు. గెలిచినవాడికిచ్చే ఎర్రతోలు నడికట్టు మాత్రం దొరల క్లబ్బులో, అద్దాల బీరువాలో వేలాడుతోంది. ఆడి బతికేవాడు ఆ గడప తొక్కకూడదు.

“లోపలికి రానండయ్యా. దాన్నే ఒక్క నిమిషం బయటికి తెప్పించండి. మా ఆవిడ చూసి ఇచ్చేస్తుంది.”

“ఉడకబెట్టిన ఈకల కంపు పట్టించడానికా? అది క్లబ్బు పరువు. పోయి ఆడు.”

“గెలిచింది నేను కదండీ?”

“గెలవనిచ్చింది మేము.”

డూగల్ చెవులు ఎర్రబడ్డాయి. మెట్టు దిగాడు. కింద అతని భార్య గ్రిజెల్ కర్రలన్నీ చంకలో ఇరికించుకుని నిలబడి ఉంది. చేపల గంప మోసిన చెయ్యి. మగవాళ్లకంటే బాగా మోస్తుంది.

“రేవులో నన్నేమంటున్నారో తెలుసా? నీ మొగుడి నడికట్టూ మత్స్యకన్యా ఒకటేనట. విన్నవాళ్లే కానీ చూసినవాళ్లు లేరట.”

“ఊరుకోవే. ఆట ఉంది.”

“ఊరుకునే కదయ్యా, మెట్టు కిందే మిగిలావు!”

ఆ ఏటి పోటీలో డూగల్‌కు ఎదురుగా మిగిలింది పక్కూరి వాట్ ప్రింగిల్ ఒక్కడే. బంతిని వెయ్యాల్సిన ఆఖరి గుంత క్లబ్బు ముందరే. అక్కడికి వచ్చేసరికి డూగల్ వాట్ కంటే నాలుగు దెబ్బలు తక్కువ కొట్టి ముందున్నాడు. ఇక కళ్లు మూసుకుని కొట్టినా గెలుపే.

కొట్టాడు. అంతలో సముద్రం మీంచి గాలి ఒక్క విసురు విసిరింది. బంతి వంకర తిరిగి, దొరలు భోంచేస్తున్న గది కిటికీలోంచి లోపలికి పోయింది. పళ్లెం భళ్లున పగిలింది.

మేజరు కోటు మీద సూపు కారుతుండగా బయటికొచ్చాడు. “దాన్ని బయటికి విసిరేయిస్తాను. ఇక్కణ్ణుంచి కొట్టుకో!”

“కుదరదండయ్యా. పడ్డచోటి నుంచే కొట్టాలి. తమరు రాసిన రూలే.”

“అది మైదానానికి!”

“పోయినేడు నా బంతి ఈ గోడకానుకుని ఆగితే, గోడ కూడా మైదానమేనన్నారు. కదిపినందుకు నా లెక్కలో ఒక దెబ్బ ఎక్కువ వేశారు. గోడ మైదానమైతే గది కాదా?”

వాట్ ప్రింగిల్ కర్ర మీద గడ్డం ఆనించి నవ్వాడు. “ఆ బంతిని ఎవరు ముట్టుకున్నా నేనొప్పుకోను దొరగారూ. గడప కావాలో రూలు కావాలో తేల్చుకోండి. ఈలోగా నేను పైపు ముట్టించుకుంటా.”

ఊరు ఊరంతా చూస్తోంది. మేజరు పక్కకు జరిగాడు.

మేకుల బూట్లతో, ముందు తలుపులోంచి, తివాచీ మీదుగా నడిచాడు డూగల్. వెనకే గ్రిజెల్.

“ఆవిడెందుకు?”

“కర్రలు ఎవరు మోస్తారండీ? తమరా?”

బంతి బీరువా పక్కన, బల్ల కింద ఆగి ఉంది. డూగల్ మొదటి దెబ్బ బల్లకోడుకు తగిలింది. రెండోది తెరలో చిక్కుకుని జారిపడింది. ఒక్కో దెబ్బకూ ఒక్కో కర్ర అడిగాడు. ఏది ఇవ్వాలో గ్రిజెల్‌కు తొందరగా తోచలేదు. ఆమె అరచెయ్యి బీరువా అద్దం మీద ఉంది, ఊపిరికి అద్దం మసకబారింది.

“ఎంత ఎరుపయ్యా!” అంది మెల్లగా.

మూడో దెబ్బకు బంతి కిటికీ దాటి, గుంత పక్కన గడ్డి మీద పడింది. డూగల్ ఒకే ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు.

“ఒరేయ్, చంటిపిల్లాడు ఒక్క దెబ్బకు బయటికి తోసేదానికి మూడా?” అన్నాడు వాట్.

“తివాచీ మీద అలవాటు లేదురా. ఎప్పుడైనా రానిస్తే కదా!”

ఆ వారంలోనే మేజరు కిటికీకి ఇనుప చువ్వలు వేయించాడు. రేవులో మత్స్యకన్య మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను. ఒక్క గాలి మాత్రం నేను కల్పించింది. ఆ పూట చేపలకు పొగబెట్టే కొట్టాల మీద పొగ, గీత గీసినట్టు నిటారుగా లేచింది.