మూడు కిలోల ఎనిమిది వందలు

"బరువు చెప్పండి అపా. పుట్టినప్పటి బరువు."

ఫోనులో అవతల ఉన్నది ముసలావిడ; కజఖ్ వాళ్లు పెద్దావిడను అపా అని పిలుస్తారు. ఆమె వెనక పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"బరువేముంది, కుక్కపిల్ల! రెండు కిలోలున్నాడో లేదో. నల్లగా, వికారంగా. ఎవరిక్కావాలి వాడు!" అని ఠక్కున పెట్టేసింది.

బల్జాన్ కాగితం మీద 2000 అని రాసింది.

కజఖ్ దేశంలోని తరాజ్ పట్టణంలో, పిల్లలు లేనివాళ్లకు వైద్యం చేసే ఆసుపత్రిలో ఆమె గుమాస్తా. ఈ ఏడాది అక్కడి వైద్యంతో పుట్టిన డెబ్భై నలుగురు పిల్లల బరువులు రాసి పెద్ద డాక్టరుకు ఇవ్వాలి. ఇలా పుట్టే పిల్లలు నిజంగానే బరువు తక్కువగా ఉంటున్నారా అన్నది ఆయనకు తేలాలి. కాన్పులు ఎక్కడెక్కడో జరిగాయి. ఫోన్ చేసి అడగడం తప్ప దారి లేదు. కాగితంలో ఒక్కొక్కరికి మూడే గడులు. ఎన్నో వారంలో పుట్టింది, ఆడా మగా, ఎంత బరువు.

నిజానికి డాక్టరు కంటే బల్జాన్‌కే అది తేలాలి. ఆమె కడుపులో ఉన్నదీ ఇక్కడి వైద్యంతో నిలిచిన బిడ్డే. పెళ్లయిన తొమ్మిదేళ్లకు. ఇప్పుడు ముప్ఫై రెండో వారం. సోమవారం స్కాన్ చేసిన డాక్టరమ్మ, "వారాలకు తగ్గ బరువు లేదు. చూద్దాం," అంది.

బల్జాన్‌కు ఏడుపు రాలేదు. భయమూ వెయ్యలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకోవడం మానేసింది, అంతే. మర్నాడు మామూలుగా పనికి వచ్చింది.

మూడు కిలోలు దాటిన బిడ్డ ఒక్కటి కనిపిస్తే చాలనుకుంది. ఒక్కటి.

కనిపించలేదు. ఫోనెత్తేది ఎప్పుడూ అత్తగార్లే.

"ఎలక పిల్ల. ఉందంటే ఉంది."

2100.

"ఎముకలగూడు. ఎత్తుకుంటే చేతికి తెలియడం లేదు."

1900.

"ఆ మొహానికి బరువు కూడానా! రాసుకో, ఒకటిన్నర."

1500.

కూరగాయల చీటీ రాస్తున్నట్టు రాసుకుంటూ పోయింది.

నర్సు కుల్యాష్ టీ, నూనెలో వేయించిన బౌర్సాక్ రొట్టెముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇరవై ఏళ్లుగా ఆ ఆసుపత్రిలో ఉన్న మనిషి.

"ఏంటే, మొహం గోడకేసిన సున్నంలా ఉంది?"

"అందరూ రెండు కిలోలే, అపా."

కుల్యాష్ కాగితం లాక్కుని పై నుంచి కింద దాకా చూసింది. చేతిలో టీ ఒలికేంత నవ్వింది.

"పిచ్చిమొహమా, నువ్వసలు కజఖ్ ఇంట్లో పెరిగావా, ఆకాశం నుంచి ఊడిపడ్డావా? పదేళ్లు మొక్కుకుని కన్న బిడ్డ. మూడున్నర కిలోలు, ముద్దొస్తున్నాడు అని ఫోనులో ముక్కూ మొహం తెలియనిదానికి ఎవత్తయినా చెప్తుందా? దిష్టి తగలదూ? నా కొడుకు పుడితే మా అత్త ఊరంతా పిల్లికూన, పిల్లికూన అని చెప్పుకుంది. వాడేమో నాలుగు కిలోలు! నన్ను చీల్చుకుని వచ్చాడు."

"మరి నిజం ఎలా తెలుస్తుంది?"

"తెలీదు. తలా ఓ కిలో కలిపెయ్."

"కలిపితే అది లెక్కెలా అవుతుంది, అపా?"

"అబ్బో, యూనివర్సిటీలో చదివినావిడ! అయితే ఇలాగే ఇచ్చెయ్, డాక్టరు కూర్చుని ఏడుస్తాడు. ముందిది తిను. నువ్వు తింటేనే కదా లోపలిది పెరిగేది."

బల్జాన్ తింది. రుచేమీ తెలియలేదు.

కిలో కలుపుకోవడానికి మనసొప్పలేదు. వీళ్లలో అబద్ధం చెప్పినవాళ్లెవరో, నిజంగా రెండు కిలోల బిడ్డను ఒళ్లో పెట్టుకున్నవాళ్లెవరో ఫోనులో ఎలా తెలుస్తుంది? తన బిడ్డ ఏ వరసలో చేరుతుంది?

జాబితాలో చివరి తల్లి పేరు తోర్గిన్. శు పట్టణం దగ్గర పల్లెటూరు. ఒక్క రింగుకే ఎవరో ఎత్తారు.

"నేను తోర్గిన్ అత్తగారిని. నగిమా. అడుగమ్మా, అడుగు. నాకేం తొందర లేదు."

ఆమె వెనక ఏ చప్పుడూ లేదు. గోడ గడియారం కొట్టుకోవడం మాత్రం వినిపిస్తోంది.

"పుట్టినప్పటి బరువు..."

"మూడు కిలోల ఎనిమిది వందలు."

బల్జాన్ కలం ఆగింది.

"ఎంతన్నారు?"

"మూడు కిలోల ఎనిమిది వందలు. ఆసుపత్రిలో కాలికి కట్టిన చీటీ నా దగ్గరే ఉంది, చూసే చెప్తున్నా. మగపిల్లాడు. యాభై మూడు సెంటీమీటర్ల పొడుగు. నెలలన్నీ నిండాకే పుట్టాడు, ముప్ఫై తొమ్మిదో వారంలో."

ఆవిడ గొంతు తడబడలేదు. దాచలేదు. ఇంకా చెప్పుకుపోయింది.

"జుట్టా, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకున్నట్టు రింగులు రింగులు. వేళ్లు ఇంతింత పొడుగు, దోంబ్రా తీగలు మీటేవాడి వేళ్లు. మా ఊళ్లో అంత అందమైన బిడ్డ పుట్టలేదమ్మా. ఇదంతా రాసుకోవడానికి చోటుందా అక్కడ?"

"ఉంది, అపా," అంది బల్జాన్. లేదు. అయినా 3800 పక్కన, గడి దాటించి, 'రింగుల జుట్టు' అని రాసింది.

తెలియకుండానే ఎడమ చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది. లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది. సోమవారం తర్వాత మొదటిసారి ఆమెకు నవ్వు వచ్చింది.

"పొద్దుట్నుంచి అందరూ కుక్కపిల్ల, ఎలకపిల్ల అంటున్నారు, అపా. ఉన్నదున్నట్టు చెప్పింది మీరొక్కరే. మనవణ్ణి ఇంతలా పొగుడుతున్నారు, దిష్టి తగుల్తుందని భయం లేదా మీకు?"

"వాణ్ణి మట్టిలో పెట్టి పంతొమ్మిది రోజులైంది తల్లీ, ఇంకెవరి దిష్టి తగుల్తుంది?"