బుచ్చమ్మ కంటి పరీక్ష

"నాకు డాక్టరూ వద్దు, గీక్టరూ వద్దు. ఇంటికి పోదాం పా!" అంటూ రాయదుర్గం బడి గేటు ముందు మొండికేసింది బుచ్చమ్మ.

"ఇంతదూరం వచ్చినంక చూపించుకోకుండ పోతమా అత్తా?" కోడలు నీలమ్మ పట్టిన చెయ్యి వదల్లేదు.

"అద్దాలే గద కావాల్సింది? అంగట్ల కుప్పలు పోసి అమ్ముతున్నరు. ఏదో ఒకటి పెట్టుకుంట."

"ఏదో ఒకటి పెట్టుకుంటె ఉన్న చూపు గూడ ఆగమైతది. ఎవరి కండ్లకు ఏ అద్దం పడ్తదో డాక్టరు చూసి చెప్పాలె. జర నడువు."

అది డెబ్బై నాలుగో సంవత్సరం ఎండాకాలం. పట్నం నుంచి ఈ బడికి కంటి డాక్టరు వస్తున్నాడని తమ ఊరు పుప్పాలగూడలో చాటింపు విన్నప్పటి నుంచి నీలమ్మ అత్తను నిలవనివ్వలేదు. బుచ్చమ్మ గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆమె కళ్ళకు ఏ జబ్బూ లేదు. ఏడాదిగా "దూరపుది కనబడ్తలేదు" అని ఆడుతున్నదంతా నాటకం.

ఆ నాటకాన్ని కన్నకొడుకు కూడా పసిగట్టలేదు. ఈ పొద్దున బండరాళ్ళ మధ్య దారిలో వస్తుంటే కోడలు పరధ్యానంగా ఓ రాతిగుండు మీదికే నడవబోయింది. బుచ్చమ్మ చటుక్కున పక్కకు లాగేసింది. లాగాక నాలుక కరుచుకుని, "కాలు జారిందే" అని సర్దేసింది. అలా సర్దెయ్యడంలో ఆమెకు ఆమే సాటి. ఊరందరినీ నమ్మించినదాన్ని, ఈ ఒక్క డాక్టరును నమ్మించలేనా అనుకుని కొంగు దోపుకుంది.

లోపలికి ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. నీలమ్మ వరండాలో ఉండిపోయింది.

డాక్టరు పార్థసారథి నెమ్మదైన మనిషి. కోస్తావైపు నుంచి వచ్చినవాడు. "కూర్చోండమ్మా. అక్షరాలు రాకపోయినా ఫర్వాలేదు. ఆ గోడకున్న అట్ట మీద మూడు కాళ్ళ బొమ్మలున్నాయి చూడండి. కాళ్ళు ఏ పక్కకున్నాయో చెప్తే చాలు" అన్నాడు.

బుచ్చమ్మకు పై వరస నుంచి చీమతలంత ఉన్న చివరి వరస దాకా అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అయినా కళ్ళు చికిలించింది. కాళ్ళు పైకుంటే "కిందికి" అంది. కుడివైపుంటే "ఎడమకు" అంది. ఒక కన్ను మూసినా అంతే, రెండో కన్ను మూసినా అంతే. చివరి బొమ్మ అయ్యాక, "చూసినవా సారూ, ఏం కనబడ్తలేదు" అని బరువుగా నిట్టూర్చింది.

డాక్టరు నవ్వాపుకుంటూ కుర్చీ దగ్గరకు జరిపాడు.

"కనబడనివాళ్ళు గుడ్డిగా చెప్పినా కొన్నయినా సరిపోతాయమ్మా. మీరు ఒక్కటి కూడా సరిగ్గా చెప్పలేదు. అన్నీ తప్పు చెప్పాలంటే అన్నీ కనబడాలండి!"

బుచ్చమ్మ గుమ్మంవైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"సారూ, నీకు దండం పెడ్త. నా కోడలికి చెప్పకు."

"ఎందుకమ్మా ఈ నాటకం?"

"మునుపు ఒక్క ఇంట్లనే ఉండి ఆమె పొయ్యి ఆమెది, నా పొయ్యి నాది సారూ. ఎదురుపడితె మొఖాలు తిప్పుకునేటోళ్ళం. నాకు కనబడ్తలేదన్నకాడి నుంచి నా చెయ్యి ఇడుస్తలేదు. బాయికాడికి, చేనుకాడికి, యాడికి పోయినా ఇద్దరమే. ముచ్చట్లు చెప్పుకుంట పోతం, నవ్వుకుంట వస్తం. ఇప్పుడు నీ కండ్లు మంచిగున్నయని నువ్వంటె, ఆమె నా చెయ్యి ఇడుస్తది." బుచ్చమ్మ డాక్టరువైపు వంగి, "ఏవో ఒక అద్దాలు రాసియ్యరాదు? పెట్టుకుని తిరుగుత" అంది.

పార్థసారథి తల అడ్డంగా ఊపాడు. "అక్కర్లేని అద్దాలు పెడితే తలనొప్పి పట్టుకుంటుంది. ఈ వయసులో ఇంత మంచి చూపు ఎంతమందికుంటుందమ్మా? సూదిలో దారం ఎక్కించడానికి దగ్గరి అద్దాలు రాస్తాను. దూరానికి మాత్రం అబద్ధం రాయలేను. ఆ అమ్మాయికి నన్ను చెప్పమంటారా, మీరే చెప్తారా?"

బుచ్చమ్మ నిటారుగా కూర్చుంది.

"నేనే చెప్త. నేను ఎన్నడు ఎవరికి భయపడ్డ? ఏ నీలమ్మా, లోపలికి రా!"

నీలమ్మ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఏమైంది అత్తా? డాక్టరు ఏమన్నడు?"

"నా కండ్లకేం కాలేదు. ముందు నుంచీ మంచిగనే ఉన్నయ్. నీతోని ముచ్చట పెట్టుకుంట నడవాలని ఏడాది సంది అబద్ధమాడిన. ఇగ నువ్వు తిట్టుకుంటవో, కొట్టుకుంటవో నీ ఇష్టం."

తుఫాను ఎటునుంచి వస్తుందా అని బుచ్చమ్మ కాచుకుని కూర్చుంది. నీలమ్మ మాత్రం అరవలేదు. మెల్లగా గోడ వెంబడే వచ్చి, అత్త భుజం తడిమి పట్టుకుని లేపి, ఆ కుర్చీలో తాను కూర్చుంది.

"నాకెర్కనే అత్తా. ఇంట్ల పరేషానైతరని నీ పేరు చెప్పుకుని వచ్చిన. నీకు మంచిగ కనబడ్తదనే నీ చెయ్యి పట్టుకుని నడుస్తున్న" అని డాక్టరువైపు మొహం తిప్పింది. "సారూ, ఇగ నా కండ్లు చూడు... కనబడనిది నాకు!"