రెండు దెబ్బలు

లిఫ్టు గుంట పక్కన ఆ ముసలాయన పొద్దుటి నుంచీ కూర్చునే ఉన్నాడు.

ఇక్కడ కూర్చోకూడదు పెద్దాయనా, పని జరుగుతోంది అని మేస్త్రమ్మ రెండుసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా బుద్ధిగా తలూపాడు. కదిలితే ఒట్టు.

లిఫ్టులు బాగుచేయడం ఆమె పని. ఆ ఆరంతస్తుల ఆఫీసులో లిఫ్టు మొండికేస్తే ఆమెకే కబురొస్తుంది. కింద గుంటలో ఆమె, పైన మోటారు గదిలో స్విచ్ దగ్గర తమ్ముడు. తల్లి పోయాక వాణ్ణి పెంచిందీ ఆమే, పనిలో పెట్టిందీ ఆమే.

గుంటలోకి దిగేవాళ్లు ముందుగా స్విచ్ కట్టేసి, దానికి తాళం వేసి, చెవి తమ జేబులో వేసుకోవాలని కంపెనీ రూలు. సొంత తమ్ముడు స్విచ్ దగ్గరుంటే తాళమెందుకని ఆమె ధీమా. వాళ్ల పద్ధతి వాళ్లది. లిఫ్టు జారే ఇనుప పట్టా మీద పానాతో ఒక్క దెబ్బ కొడితే ఆపమని. రెండు దెబ్బలంటే నేను బయటికొచ్చేశాను, లిఫ్టు కిందికి దించమని. శబ్దం పట్టా వెంబడి పైదాకా ఖంగున వినిపిస్తుంది. తొమ్మిదేళ్లలో ఒక్కసారీ తేడా రాలేదు.

"ఈ ఒక్కరోజుకీ తాళం వెయ్యమ్మా" అన్నాడు ముసలాయన.

ఈయనకీ సంగతి ఎలా తెలుసని ఆమె గుంటలోంచి తలెత్తి చూసింది.

"మీదీ లిఫ్టుల పనేనా?"

"అలాంటిదే. ముప్పై ఐదేళ్ల తర్వాత ఇలాంటి డబ్బాలే వస్తాయి. పైకీ కిందికీ పోవు, వెనక్కి పోతాయి. వాటి రిపేరు నాది."

పాపం, మతి తప్పిన మనిషి అనుకుంది. ఇంటివాళ్లు ఎక్కడెక్కడ వెతుక్కుంటున్నారో, పనయ్యాక వాచ్‌మన్‌కి అప్పజెప్పాలి. తనలో తను నవ్వుకుంటూ గ్రీజు డబ్బా మూత తీసింది.

ఆయన మాత్రం తన ధోరణిలో చెప్పుకుపోయాడు. ఇంకాసేపట్లో మూడో అంతస్తులో వడ్రంగి అల్మారా బిగిస్తాడట. మేకు కొట్టేది లిఫ్టు గోడకేనట. సరిగ్గా రెండే దెబ్బలు. పైన ఉన్నవాడు అది అక్క పానా చప్పుడే అనుకుంటాడట. ఆయన ఈ పూటకి రావడం ఇది నాలుగోసారట. మొదటిసారి వడ్రంగిని గేటు దగ్గర నుంచే వెనక్కి పంపేస్తే, ఐదో అంతస్తులో కిటికీలు చేసే మనిషి సుత్తి తీశాడు. రెండోసారి తనే పైకెళ్లి తాళం వేద్దామంటే తాళం పట్టలేదు. మూడోసారి కాళ్లావేళ్లా పడి ఆమెను బయటికి రప్పించాడు. మెట్ల మీద ఆమె కాలు జారింది.

"జారితే?" అంది. నవ్వు కాస్త తగ్గింది.

"మళ్లీ లేవలేదమ్మా. ఆ పూట గుంట ఖాళీగా ఉంది. అది ఒక మనిషిని అడుగుతోంది. ఫలానా మనిషే కావాలని అడగడం లేదు. అది తెలుసుకోవడానికి నాకు మూడుసార్లు పట్టింది."

ఆమె నోరు తెరిచేలోగా ఆయనే అన్నాడు.

"ఇప్పుడు నీ లైటు ఆరిపోతుంది. తడితే వెలుగుతుంది. మళ్లీ ఆరిపోతుంది."

ఆరిపోయింది. తడితే వెలిగింది. మళ్లీ ఆరిపోయింది.

పట్టపగలు, వరండాలో మనుషులు ఫైళ్లు పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు. అయినా ఆమె ఒళ్లు జలదరించింది. భయం వేసినప్పుడు ఆమెకు ముందు కోపం వస్తుంది.

"నా రాత అదే అయితే మీరెంత చెప్పి ఏం లాభం? కాదంటారా, నా ఇష్టం నాది."

"నీ ఇష్టం నీదే. నేనూ నా ఇష్టంతోనే వచ్చాను" అన్నాడాయన శాంతంగా.

ఈ గోల ఎందుకు, తాళమేదో తనే వేసొస్తే పోలా అనుకుని ఆమె గుంటలోంచి పైకి వచ్చింది. సామాను ముట్టుకోకుండా కూర్చోమని, వచ్చాక ఆయన సంగతి చూస్తానని కసిరి మెట్లెక్కింది.

రెండో మలుపులో కాలు జారింది.

చేతికి రెయిలింగు దొరికింది. పట్టుకుని నిలదొక్కుకుంది. సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు నుంచి వినిపించాయి, రెండు దెబ్బలు.

పైన మోటారు మూలిగింది. లిఫ్టు కదిలింది.

గుంట ఖాళీయేగా అని ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే కింద ఎవరో అరిచారు.

వచ్చి చూస్తే ఆమె సామానంతా గట్టు మీద వరసగా సర్ది ఉంది. అలా సర్దిపెట్టాకే ఆయన దిగాడు. లిఫ్టు కింద నుంచి ఒక చెయ్యీ ముఖమూ మాత్రం కనిపిస్తున్నాయి.

ఆమె మోకాళ్ల మీద కూలబడి ఆ చెయ్యి పట్టుకుంది. పిచ్చివాడనుకున్నందుకు, కసిరినందుకు సిగ్గుతో ఏడుపు తన్నుకొచ్చింది. ఎందుకు దిగావయ్యా, నీకు నేనేమవుతానని దిగావు అని పదేపదే అడిగింది.

"కాలు జారిందా?" అన్నాడు.

"జారింది. పడలేదు."

ఆయన ముఖం తేటపడింది.

"వాణ్ణి ఏమీ అనకు. నీ చప్పుడే అనుకున్నాడు."

ఆ తర్వాత మాట లేదు.

ఆరంతస్తులూ పరిగెత్తుకుంటూ దిగొచ్చిన తమ్ముడు గుంటలోకి వంగి, ఆ ముడతల కింద ఉన్నది తన ముఖమేనని పోల్చుకుని, ఆయన చెప్పిందంతా అక్క నోట విని, ఆమె వైపు తిరక్కుండానే "ఎన్నేళ్లు పట్టినా ఈ పూటకి వస్తానక్కా" అన్నాడు.