పద్దెనిమిదో పేజీ

"ఎందుకైనా మంచిది, మొత్తం చదివాకే సంతకం పెడతాను" అన్నాను. డిస్ట్రిబ్యూటర్ కంపెనీ తరఫున వచ్చినావిడ నవ్వింది. ఆ నవ్వే నాకు నచ్చలేదు.

మా చిన్న రికార్డింగ్ కంపెనీ పాటల్ని మ్యూజిక్ యాప్‌లన్నిటికీ అందించే పని వాళ్లకు అప్పగించే ఒప్పందమది. పద్దెనిమిది పేజీలు. ఎక్కడో ఓ మెలిక పెట్టే ఉంటారని ప్రతి వాక్యం కిందా వేలు పెట్టి మరీ చదివాను. ఆ పాటలన్నీ పాడిన మా చెల్లి పక్కనే కూర్చుని, చదవడం అయిన కాగితాలను సర్దుతోంది.

చివరి పేజీలో దొరికింది.

"విన్నావా! పాడిన పాటల మీద గాయనికి ఇక ఎప్పటికీ ఏ హక్కూ ఉండదట!" అని ఆవిడ వైపు తిరిగాను. "మా చెల్లికి నోట్లో నాలుక లేదనుకున్నారా? ఇలా నిలువునా ముంచేది రాయడానికి చేతులెలా వచ్చాయండీ?"

ఈసారి ఆవిడ నవ్వలేదు.

"అది మేం రాసింది కాదండీ. పాటలు మీవేననడానికి రుజువు అడిగితే మీరు పంపిన కాగితం. దాన్నే చివర్లో జతచేశాం. కింద సంతకాలు చూడండి."

చూశాను. ఒకటి నాది. రెండోది, పదేళ్ల కిందటి గుండ్రటి అక్షరాల్లో, చెల్లిది.

కాగితాలు సర్దుతున్న చెల్లి ఆగింది. తర్వాత నా ముందుకు చెయ్యి చాచింది.

"అన్నయ్యవి కదా అని ఆ రోజు చదవలేదు. ఇలా ఇవ్వు, ఎందుకైనా మంచిది."