పాతర మీది కంప

2002 ఏప్రిల్ 14, ఆదివారం. ఉదయం పదిన్నరకు గుత్తి దారిలోని ఒక పాత కోట మీద ముగ్గురు స్నేహితులు ముళ్లకంప లాగి పక్కన పడేశారు.

కంప ఫోటోకు అడ్డమొచ్చింది. అంతే.

ముగ్గురిదీ అనంతపురం. అద్దె జీపులో బయలుదేరారు. ముందు ఈ కోట, తర్వాత లేపాక్షి, ఆపైన బెంగుళూరు.

కెమెరా ఓబిలేష్ చేతిలో ఉంది. కూలిన బురుజు ముందు లక్ష్మీపతి, తిప్పేష్ నిలబడ్డారు.

"మీ తలకాయలే బురుజంత కనపడతాండాయి. ఎనక్కి జరగండ్రా," అన్నాడు ఓబిలేష్.

ఒక ముసలాయన గొర్రెలను వదిలేసి పరుగున వచ్చాడు.

"కంప తీసేస్తిరేమప్పా! ఆడ పాతర ఉండాది!"

తిప్పేష్ నవ్వాడు. "పాతరంట! తాత నిధి తవ్వుకుంటాండాడు రా. మనం చూస్తామని కంపేసినాడు."

లక్ష్మీపతికీ అలాగే తోచింది. కోటల్లో నిధుల కోసం తవ్వేవాళ్ల గురించి పేపర్లో చదివి ఉన్నాడు.

"దొరికితే మాకూ ఒక బిందె ఇయ్యి తాతా. పోలీసులకు చెప్పంలే," అన్నాడు.

ముసలాయన వాళ్ల వెనక్కి పోయి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"పక్కకు జరుగు తాతా. ఫోటోలో పడతాండావు."

"నేను పడితే పడతాలే నాయనా. మీరు పడగూడదు."

"ఇన్నావేమిరా? మన ఫోటోలో మనం పడగూడదంట!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే ఓబిలేష్ కెమెరా నొక్కాడు.

పదకొండుకు కిందికి దిగారు. మలుపులో లక్ష్మీపతి వెనక్కి చూశాడు. ముసలాయన వంగి, ఒట్టి చేతులతో కంప లాగుతున్నాడు.

పోయి ఒక చెయ్యి వేద్దామా అనుకున్నాడు. కింద డ్రైవర్ హారన్ కొట్టాడు.

లేపాక్షి చూశారు. బెంగుళూరులో రెండు రోజులున్నారు.

శనివారం ఫోటోలు వచ్చాయి.

"బంగారట్లా ఫోటో. ముసలోడు చెడగొట్టినాడు," అన్నాడు తిప్పేష్.

లక్ష్మీపతి ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. ముసలాయన కెమెరా వైపు చూడలేదు. ఆయన చూపు తిప్పేష్ మడమల మీద ఉంది. ముసలాయన మడమల వెనక, ఎండుగడ్డి మధ్య, గొయ్యి నోరు నల్లగా కనిపిస్తోంది.

మరుసటి రోజు ఫోటో జేబులో పెట్టుకుని, బండి మీద ఒక్కడే పోయాడు. కొండ కింద మారెక్క టీ అంగడి ఉంది.

"అక్కా, పైన గొర్రెలు మేపే తాత యాడుంటాడు?"

"ఆంజినప్పనా? పోయిన ఆదివారం పాతర్లో పడి సచ్చిపాయప్పా."

లక్ష్మీపతి బెంచీ మీద కూర్చున్నాడు.

"పాతరంటే?"

"ముందుకాలం గింజలు పోసి దాస్తాండ్రి కదా, ఆ గొయ్యి. మూడాళ్ల లోతుంటాది. ఎవరో జీపులో వచ్చి కంప పెరికేసి పోయినారు. మళ్లా కప్పబోయి కాలు జారినట్లుండాది. మద్యాన్నం గొర్రెలు ఒంటిగా దిగొచ్చినాయి. అప్పుడు పోయి చూసినాం."

అతని చెయ్యి జేబు మీదే ఉంది. ఫోటో బయటికి తీయలేదు.

"ఆయప్ప ఆడ కావలి ఉంటాండెనా అక్కా? జీతమేమన్నా..."

"జీతం ఎవురిస్తారప్పా? అయిదేండ్ల కింద కోట చూడను వచ్చిన కాలేజీ పిల్లోడొకడు దాంట్లో పడి సచ్చిపాయ. ఆ పొద్దునుంచి ఈయప్ప గొర్రెల్ని ఇంగో కొండకు తోలిందే లేదు."

"ఆయప్ప కొడుకా?"

"కాదప్పా. యా ఊరోడో కూడా ఈయప్పకు తెలీదు," అంది మారెక్క. "ఆ పిల్లోడు పడే ముందురోజు పాతర మీది కంపను పొయ్యిలోకని పెరుక్కపోయింది ఆంజినప్పే."